మెత్తబడిన మొదలు

కిటికీ వెలుతురు మరోవైపు తగలాలని కుండీ తిప్పుతుంటే, నా వేలు మొక్క మొదట్లోకి దిగింది. మిగలముగ్గిన పండులోకి దిగినట్టు. చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

గుండుసూదులు గుచ్చిన దిండులా ఉండే ఆ కాక్టస్ మా ఆవిడ పెంచింది. బొటనవేలంత ఒక్కటి తెచ్చింది. దాని చుట్టూ పిల్లలు పుట్టి, పదకొండేళ్ళలో పందొమ్మిది బుడిపెల గుంపయింది. ఆవిడ పోయి పద్నాలుగు నెలలు. ఆవిడ చేతుల్లో పెరిగి ఇంకా ప్రాణంతో ఉన్నవి ఇంట్లో రెండే: ఆ మొక్క, మా అమ్మాయి.

నర్సరీ అతనికి ఫోన్ చేశాను. స్పీకర్లో అతని గొంతు ఖంగుమంది.

"నీళ్ళు ఎన్నాళ్ళకోసారి సార్?"

"వారానికోసారి. ఆదివారం పొద్దున, చిన్న గ్లాసుడు."

"ఇంత చలిలోనా! చలికాలం దానికి నెలకి నాలుగు చుక్కలు చాలు. అయినా ఆ మాత్రానికే ఇంత మెత్తబడదే?"

వెనక నుంచి మా అమ్మాయి సన్నగా అంది. "నేనూ పోస్తున్నా నాన్నా. బుధవారాలు."

దాన్ని ముట్టుకోవడానికి నాకు మనసు రాదని తను అనుకుంది. దానివైపు చూడటానికే తనకి మనసు రాదని నేననుకున్నాను. ఆవిడ ఊసెత్తితే ఎదుటివాళ్ళు ఏడుస్తారని ఇద్దరం నోరు మూసుకున్నాం.

"తండ్రీకూతుళ్ళు కలిసి అందులో వరి నాటారన్నమాట," అన్నాడతను. మేం నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "ఇప్పుడే కోసెయ్యండి సార్. కుళ్ళు తల్లి నుంచి పిల్లల్లోకి ఎక్కుతుంది. కోసినచోట గోధుమరంగు కనబడితే ఇంకాస్త పైకి కొయ్యండి. శుభ్రంగా పచ్చగా వచ్చేదాకా."

మా అమ్మాయి పనిచేసేది మందుల షాపులో. బ్లేడు, స్పిరిటు తెచ్చి భోజనాల బల్ల మీద పేపరు పరిచింది. బ్లేడు నేనందుకున్నాను.

"నీ చెయ్యి వణుకుతోంది. ఇటివ్వు."

"నీది వణకట్లేదూ?"

"మాత్రల అట్టలు కత్తిరించే చెయ్యి నాన్నా ఇది. వణికితే ఉద్యోగం ఊడుతుంది."

నడుమనున్న తల్లిని నిలువునా కోసింది. లోపలంతా టీ రంగు. మొదటి పిల్ల, గోధుమరంగే. ఇంకాస్త పైకి. అక్కడా అదే. రెండోది, మూడోది... ప్రతి కోతకీ నేను కళ్ళు మూసుకుని "ఏం?" అనడం, తను ముక్కని పక్కకి నెట్టడం. పది దాటేసరికి నేను అడగడం మానేశాను. నా వేలికి గుచ్చుకున్న ముల్లుని చిమటాతో లాగేసి మళ్ళీ బ్లేడు పట్టుకుంది.

పద్నాలుగోదానికి బ్లేడు ఆగింది.

"చూడు," అంది.

కోతంతా తడితడిగా, పచ్చగా ఉంది. గోధుమరంగు మచ్చ ఒక్కటైనా లేదు.

చివరికి మూడు మిగిలాయి, ఒక్కోటి శనగగింజంత. గాయం మానేదాకా పది రోజులు చుక్క నీరు తగలకూడదు. రోజూ పొద్దున్నే బిక్కుబిక్కుమంటూ వంగి చూసేవాణ్ణి. ఏడో రోజు ఒకటి ముడుచుకుపోయి కనిపించింది. గాయం ఆరుతోందో, ప్రాణమే పోతోందో తెలియలేదు.

"నువ్వు నీళ్ళు పొయ్యలేదుగా?" అన్నాను.

"లేదు. నువ్వు?"

"లేదు."

ఇంకాస్త వంగి చూస్తూ అడిగింది. "అమ్మ అయితే ఏమనేది నాన్నా?"

పద్నాలుగు నెలల్లో 'అమ్మ' అన్న మాట మా ఇంట్లో వినబడటం అదే మొదటిసారి.

"ముట్టుకుంటే ఊరుకోను అనేది," అన్నాను.

ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని, దానివైపే చూస్తూ నిలబడ్డాం.