నీలి చార

వంటింటి సింకులో కుళాయి కింద నీలిపచ్చ చార ఒకటి ఉంది. ఈ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళుగా దాన్ని తోముతూనే ఉన్నాను. తోమితే పోతుంది, రెండు రోజుల్లో మళ్ళీ వస్తుంది.

ఆడపడుచు నాలుగు నెలల పాపతో వచ్చి పది రోజులైంది. పాపవి డబ్బాపాలు. పొద్దున ఆరింటికి పట్టినవి మాత్రం పట్టినట్టే కక్కేస్తుంది. మధ్యాహ్నానివి ఉంటాయి, సాయంత్రానివీ ఉంటాయి. డాక్టరు పాలడబ్బా మార్చారు. వాంతులు ఆగలేదు, పాప బరువు తగ్గింది.

"ఏమీ అనుకోకు వదినా, పొద్దున్నే సీసా నిద్రమత్తులో కడుగుతున్నావేమో" అంది ఆడపడుచు.

"నిద్రపోతే కదా మత్తు."

అప్పటినుంచి సీసా రెండేసిసార్లు మరిగిస్తున్నాను. నా వేళ్ళు నాని ముడతలు పడడం తప్ప తేడా ఏమీ లేదు. నిన్న చార తోముతూ ఆగిపోయాను. పొద్దున పాలపొడిలో కలపడానికి మొదట పట్టే నీళ్ళు రాత్రంతా గొట్టాల్లో నిలవున్నవి. మా గొట్టాలు రాగివి.

అద్దాలు తుడిచే అమ్మోనియాలో దూది ముంచి చార మీద అద్దాను. సిరా ఒలికినట్టు ముదురు నీలమైంది. కాలేజీ ల్యాబులో రాగి ఉందో లేదో అలాగే పట్టుకునేవాళ్ళం.

మామయ్యగారు నలభై ఏళ్ళు ప్లంబరు. ఇనుము చవకైనా రాగే వేశానని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. దూది తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఏమిటమ్మా ఇది, సిరానా?"

"మన గొట్టమే మామయ్యగారూ. ఈ నీళ్ళలో పులుపు గుణం ఉన్నట్టుంది, నిలవుంటే రాగిని తినేస్తున్నాయి. మనం తట్టుకుంటున్నాం, పసిదాని కడుపు తట్టుకోవడం లేదు."

"నా పనికి వంక పెట్టేంత చదివావన్నమాట."

"చదువు సంగతి తర్వాత చూద్దాం నాన్నా, పాపని చూడు" అంది ఆడపడుచు.

ఆయన దూది వాసన చూసి, ముఖం చిట్లించి, లేచి గదిలోకి వెళ్ళిపోయారు.

ఈ ఉదయం నేను లేచేసరికి కుళాయి పారుతోంది. మామయ్యగారు సింకు పక్కన స్టూలేసుకుని, చేతిలో గడియారం పట్టుకుని కూర్చున్నారు. రెండు బకెట్లు నిండి ఉన్నాయి.

"పది నిమిషాలు వదిలాను. ఇవి మొక్కలకీ, గచ్చుకీ వాడు. ఇప్పుడు పట్టు పాపకి."

పాలు కలిపి పట్టాను. ముగ్గురం దాని మూతి వంకే చూస్తూ అరగంట కూర్చున్నాం. ఒకసారి ఎక్కిళ్ళు వచ్చాయి. పాలు మాత్రం రాలేదు. నిద్రపోయింది.

ఆయన చెప్పులు వేసుకున్నారు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి నాన్నా?"

"ఈ వీధిలో పదకొండు ఇళ్ళకి రాగి గొట్టాలు నేనే వేశాను. చివరింట్లో చంటిపిల్లాడున్నాడు." నా వైపు చేయి చాచారు. "ఆ అమ్మోనియా సీసా, దూదీ ఇలా ఇవ్వమ్మా. నా పనిలో తప్పుందని నేనే చెప్పినా వాళ్ళు నమ్మరు."

మూత గట్టిగా బిగించి ఇచ్చాను. ఆయన వెళ్ళాక ఆ స్టూలు మీదే కూలబడ్డాను. ఈ రోజుకి చార తోమలేదు.