ఒక గుంట, రెండు గుంటలు

రేపల్లెలో బసవేశ్వరరావుగారి ఇంటి వెనక వాటాలో రిబ్కా అద్దెకుండేది. తెనాలి నుంచి పాసింజరు బండిలో తెచ్చుకున్న పిండి గ్రైండరే ఆమెకు బతుకుతెరువు. తెల్లవారి ఆరింటికి పప్పు వేసేది. ఏడయ్యేసరికి వీధివాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఆ వారంలో మూడుసార్లు, గ్రైండరు తిరుగుతుండగానే ఫ్యూజు పోయింది. రెండు వాటాలకీ ఒకటే మీటరు, ఒకటే ఫ్యూజు. మూడోసారి బసవేశ్వరరావుగారు తువ్వాలుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంకొక్కసారి పోయిందంటే ఆ రాక్షసిని బయటపెట్టాల్సిందే అమ్మాయ్" అన్నారు.

ఫ్యూజు తీగ మార్చడానికి కరెంటు పనులు చేసే పున్నారావు వచ్చాడు. లావు తీగ వేసేస్తే పోదు కదా అని రిబ్కా అడిగింది. అప్పుడు ఫ్యూజు బదులు గోడలో తీగలు కాలతాయన్నాడు. ఈ ఫ్యూజు ఐదు ఆంపులకే, అంతకు మించి మోయదన్నాడు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపులొస్తాయని, ఆ అంకెలు మోటారు రేకు మీదే ఉంటాయనీ చెప్పాడు. కానీ రేకు మీదవి ఇంగ్లీషు అక్షరాలు. రిబ్కాకు తెలుగు తప్ప రాదు.

పున్నారావు సుద్దముక్కతో గచ్చు మీద V, W గీసి చూపించాడు. "ఒక గుంట ఉంటే వోల్టులు, రెండు గుంటలుంటే వాట్లు. రెండు గుంటల అంకెలో ఒక గుంట అంకె ఎన్నిసార్లు పడుతుందో చూసుకో అక్కా. అన్ని ఆంపులు."

అతను వెళ్ళాక రిబ్కా రేకు తుడిచి చూసింది. రెండు గుంటల దగ్గర మూడువందల డెబ్భై. ఒక గుంట దగ్గర రెండువందల ముప్పై. ఒక్కసారి పడుతుంది, రెండోసారికి చాలదు. రెండు ఆంపులైనా తినని దానికి ఐదు ఆంపుల ఫ్యూజు ఎందుకు పోతుంది? ఆరింటికి ఇంకేదో కూడా తింటోంది.

ముందు వాటాకు వెళ్ళి, బాబాయిగారు ఆరింటికి స్నానానికి పెట్టుకునే హీటరు ఒకసారి చూపించమని బసవేశ్వరరావుగారి భార్య సుబ్బరత్నమ్మను అడిగింది. దాని పిడి మీద రెండు గుంటలు, పక్కన వెయ్యి.

అరుగు మీద సుద్దతో రెండూ కూడింది. పదమూడువందల డెబ్భై. అందులోంచి రెండువందల ముప్పైని ఐదుసార్లు తీసేసినా ఇంకా రెండువందల ఇరవై మిగిలింది. ఆరోసారికి పదే తక్కువ.

"అది చప్పుడే చెయ్యదు కదా, తప్పు దానిమీద పెడతావేంటి?" అన్నారు బసవేశ్వరరావుగారు.

"చప్పుడు చెయ్యకుండా తినేవాళ్ళని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను" అంది సుబ్బరత్నమ్మ.

ఆయన ఒప్పుకోలేదు. పరీక్ష పెట్టారు. హీటరు ఒక్కటే వేశారు, ఏమీ కాలేదు. గ్రైండరు ఒక్కటే తిప్పించారు, హాయిగా తిరిగింది. రెండూ కలిపి వేస్తే మూడో నిమిషంలో టప్పుమని పోయింది. రిబ్కా ఆయన మొహం వైపు చూసింది. ఆయన అరుగు మీది లెక్క మళ్ళీ మొదటి నుంచి చదివి, పెద్దగా నవ్వేశారు.

"నా స్నానం ఏడింటికి మార్చుకుంటాలే. నీ రాక్షసిని ఉంచుకో" అన్నారు.

ఆ ఆదివారానికి ఆ ఇంట్లో ప్రతి స్విచ్చు పక్కనా సుద్దతో ఒక అంకె వెలిసింది. వంటింటి దీపం వేసినా ఆయన హాల్లోంచి ఆంపులు చెబుతున్నారని, ఆ సుద్దముక్క దాచిపెట్టమని సుబ్బరత్నమ్మ పిండి గిన్నెతో వచ్చి రిబ్కాను బతిమాలింది.