ఎర్త్ పట్టీ కింద రంగు

తాళం తిప్పాడు. ఇంజను దగ్గర టక్ మంది, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్. పొద్దున తొమ్మిదింటికి షెడ్డు తలుపు తీసినప్పటి నుంచి ఇది పదిహేడోసారి.

"తిరగవే తల్లీ," అన్నాడు. "నీకు నేనేం ద్రోహం చేశాను?"

వీధిలో అందరూ అతన్ని డైనమో అంటారు. ముప్పై రెండేళ్లుగా ఈ షెడ్డులోనే బళ్ల కరెంటు పని చేస్తున్నాడు. మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. ఆయన పోయాక ఆయన స్టూలు మీదే కూర్చున్నాడు. అరవై ఒకటి నిండాయి. ఎడమచేతి చిటికెన వేలు చివర లేదు. ఫ్యాను బెల్టులో పోయింది. సొంత బండి లేదు. బస్సులో వస్తాడు, బస్సులో పోతాడు.

ఎదురుగా ఉన్నది క్యాంపర్ వ్యాను. వయసు ఇరవై ఎనిమిది. లోపల ఒక మంచం, గ్యాసు పొయ్యి, రెండు గ్లాసులు పట్టే సింకు. ఒక డ్రాయింగు టీచరు రిటైరైన వారంలోనే దాన్ని కొన్నది. ఊళ్లు తిరుగుతూ బొమ్మలు వేసుకుందామని ఆమె ఆలోచన. ఏడు నెలల్లో వ్యాను షెడ్డుకు రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి డైనమో బ్యాటరీ మార్చాడు. రెండోసారి స్టార్టర్ మోటారు మార్చాడు. మూడోసారి తాళం వెనకాల స్విచ్చి. ప్రతిసారీ ఇక్కడ బాగానే తిరిగింది. ఇంటికి వెళ్లిన మూడో రోజునో నాలుగో రోజునో టక్ మని కూర్చుంది.

ఈసారి ఆమె వెంట తమ్ముడు వచ్చాడు. తుక్కు కొనేవాళ్లకు ఫోను చేసే వచ్చాడు. సాయంత్రం ఐదింటికి వాళ్ల లారీ వస్తుంది. అప్పటికి ఇంజను తిరగకపోతే వ్యానును కట్టుకుపోతారు. టీచరు ఆ మాటకు ఒప్పుకుంది. ఒప్పుకున్నాక తమ్ముడి మొహం చూడటం మానేసింది.

"అక్కా, నువ్వు కొన్నది బండి కాదు, గది. చక్రాలు అందం కోసం పెట్టారు."

"కాసేపు నోరు మూసుకోరా."

"మేస్త్రీ, ఉన్నమాట చెప్పు. అయ్యే పనేనా?"

"అవ్వదని నేనెప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. అందుకే నాలుగోసారి వచ్చాం."

డైనమో వ్యాను కిందికి దూరాడు. మీటరు పెట్టి ఎర్ర వైరును చివరి నుంచి చివరి దాకా చూశాడు. బ్యాటరీలో పన్నెండున్నర వోల్టులున్నాయి. తాళం తిప్పినా తగ్గడం లేదు. ఫ్యూజులు బాగున్నాయి, రిలే బాగుంది. అన్నీ బాగున్నాయి, బండి తప్ప. స్పానరు విసిరేశాడు. అది దొర్లి చేతికందనంత దూరం పోయింది. దాని కోసం పాకాల్సి వచ్చింది. పాకుతుంటే ఎడమ భుజం లాగింది. సిమెంటు నేల మీద పడుకున్నందుకు అనుకున్నాడు.

ఒంటిగంటకు భార్య ఫోను చేసింది.

"తిన్నారా?"

"తింటున్నా."

"అబద్ధం. మీ గొంతు బండి కింద నుంచి వస్తోంది. ఆ టీచరమ్మ వ్యానేనా మళ్లీ?"

"అదే."

"నన్ను చేసుకునే బదులు దాన్ని చేసుకోవాల్సింది. రోజుకో వంకన మీతోనే ఉండేది."

"అదీ నీలాగే. ఎందుకు అలిగిందో చెప్పదు," అని ఫోను పెట్టేశాడు.

రెండున్నరకు స్టూలు మీద కూర్చుని మీటరు వంక చూస్తూ ఉండిపోయాడు. పొద్దుటి నుంచీ ఎర్ర వైపే చూస్తున్నాడు. నల్ల వైపు చూడలేదు. ఇంజను నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే ఎర్త్ పట్టీ ఆ వైపే ఉంటుంది; మొదటిసారి, మార్చిలో, బ్యాటరీతో పాటు దాన్నీ తనే కొత్తది వేశాడు. తను వేసినదాన్ని మళ్లీ చూసే అలవాటు అతనికి లేదు.

లేచి మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజను మీద పెట్టాడు. టీచరును తాళం తిప్పమన్నాడు. ముల్లు ఎనిమిది మీదికి పోయింది. అక్కడ అది సున్నాను వదిలి కదలకూడదు. ఇంజనులోకి వెళ్లిన కరెంటుకు తిరిగి వచ్చే దారి లేదని దాని అర్థం.

ఎర్త్ పట్టీ బోల్టు విప్పాడు. పట్టీ కింద ఇనుము కనపడలేదు. నల్లరంగు కనపడింది. నున్నగా, రెండు పూతలు.

ఆ రంగు అతనిదే. ఏ పని చేసినా తుప్పు గీకి, రంగు వేసి, ఆరాక బిగించడం అతని పద్ధతి. వేరే షెడ్డు వాళ్లెవరూ అంత ఓపిక పట్టరని చెప్పుకునేవాడు. పట్టీ కూర్చునే చోట మాత్రం రంగు వేయకూడదు. అది మేనమామ మొదటి వారమే చెప్పాడు. మార్చిలో ఆ సాయంత్రం అది మరిచి మొత్తం పూసేసి, మర్నాడు దాని మీదే బిగించాడు. బోల్టు మర చుట్ల గుండా ఏ కొంచెమో కరెంటు పారి, ఇన్నాళ్లూ బండి తిరిగినప్పుడు తిరిగింది.

"ఛీ," అన్నాడు. మరో రెండుసార్లు అన్నాడు. తర్వాత టీచరు దగ్గరికి వెళ్లాడు.

"టీచర్ గారూ, తప్పు బండిది కాదండీ. నాది. అనవసరంగా మోటారు మార్పించాను."

"ముప్పై రెండేళ్ల అనుభవం!" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఏ తప్పన్నా ఇలా ఎదురొచ్చి ఒప్పుకున్నావుట్రా ఎప్పుడన్నా?" అంది ఆమె. తర్వాత డైనమో వైపు తిరిగి, "ఇప్పుడు తిరుగుతుందా?" అని అడిగింది.

ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. పట్టీ బిగించాడు. తాళం తిప్పితే ఇంజను అందుకుంది. టీచరు పైటచెంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

డైనమో పావుగంట నడిపి ఇంజను ఆపేశాడు. "ఇప్పుడే నమ్మకండి. అరగంట చల్లారనిచ్చి మళ్లీ తిప్పాలి. అప్పుడే తీసుకెళ్లండి."

"సరే, ఈలోపు మేం టీ తాగొస్తాం. మీ మొహం పాలిపోయింది. లోపల మంచం మీద నడుం వాల్చండి."

"బట్టలకు గ్రీజుందమ్మా."

"దుప్పటి ఉతుక్కుంటాను లెండి. పడుకోండి."

వాళ్లు తిరిగొచ్చేసరికి నాలుగున్నర. డైనమో గోడ వైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. దుప్పటి పాడవకుండా కింద పాత పేపరు పరుచుకున్నాడు.

"మేస్త్రీ గారూ, చల్లారిందా?"

రెండోసారి పిలిచింది. తమ్ముడు లోపలికెక్కి భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. వేలు మార్చి మళ్లీ చూశాడు.

"అక్కా," అన్నాడు. "ఊపిరి తగలట్లేదు."

"పక్కన కూర్చో. పడిపోకుండా పట్టుకో," అని ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆసుపత్రి ఎటో తమ్ముడు చెబుతుంటే వ్యాను వీధి దాటిపోయింది.

ఐదింటికి తుక్కు లారీ వచ్చింది. తలుపు తీసే ఉంది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, దిగి లోపలికి తొంగిచూశాడు. ఎవరూ లేరు. తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

వ్యాను మెట్టు ఉండిన చోట నేల మీద ఒక చెప్పుల జత పక్కపక్కనే విడిచి ఉంది. కుడిచెప్పు తెగిన పట్టీని రాగి తీగతో కలిపి, తీగ కొన పాదానికి గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది.