కారు నడిచినంతసేపే

నంద్యాలలో మెకానిక్ స్టీఫెన్ బానెట్ ఎత్తాడు. వెనక సీట్లో పడుకున్న ముసలాయనకు గాలి తగలనీ అని షెడ్డులోని పెద్ద ఫ్యానును కారు మొగానికి తిప్పాడు. ఏసీ ముందు చెయ్యి పెట్టి చూసి నవ్వాడు.

"ఏమప్పా షాకీర్, ఐస్ మాదిరి వస్తాండాదే! జరం కారుకు కాదు, నీకే."

"ఒగసారి వస్తాది, ఒగసారి రాదన్నా. పొద్దున్నించి నాతో ఆడుకుంటాండాది."

"వచ్చేదాన్ని నేనేం బాగుజేయాల? పో, పో."

ఆ మాటతో అజీజున్నీసా మనసు కాస్త కుదుటపడింది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నది భర్త నబీ రసూల్. ఊపిరితిత్తులు చెడిపోయాయి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రిలో. ఉక్క తగిలితే ఊపిరి అందదు, చల్లగా ఉంచమన్నారు. ఆళ్ళగడ్డ ఇంట్లో కూలర్ పెట్టి ఉంచారు. ఎటొచ్చీ ఈ దారే భయం. ముందు సీట్లో ఆక్సిజన్ సిలిండరును తాళ్ళతో కట్టారు. ఆయన అడిగింది ఒక్కటే, దారిలో శిరివెళ్ళలో అక్క హుస్నాను చూడాలని.

ఊరు దాటకముందే గడ్డి ట్రాక్టర్లు అడ్డం పడి కారు ఆగింది. కాసేపటికే ఏసీ గాలి వేడెక్కింది. నబీ రసూల్ నోరు తెరిచాడు. ఎదురొమ్ము ఎగిరెగిరి పడుతోంది. కారు నడుపుతున్న షాకీర్ దిగి దాని ముందరి జాలీ మీద తాగే నీళ్ళన్నీ కుమ్మరించాడు. ఒక్క క్షణం చల్లబడి మళ్ళీ మామూలే. దారి దొరికి కారు పరుగందుకోగానే చల్లగాలి దానంతటదే వచ్చింది.

"బానెట్ లోపలి ఫ్యాను తిరగడంల్యా అత్తా. పరిగెత్తితే ఎదురుగాలి తగిలి సల్లబడతాది. ఆగితే అంతే."

"మరి షెడ్డులో బాగా వచ్చె గదా?"

"స్టీఫెనన్న మామ కోసమని ఫ్యాను తిప్పె గదా. ఆ గాలికి వచ్చినాది. నాకూ తట్టల్యా, ఆయప్పకూ తట్టల్యా."

వెనక్కి పోవాలంటే మళ్ళీ ఆ ట్రాక్టర్లే. ముందుకే పోయారు.

శిరివెళ్ళలో టీ బంకు దగ్గర హుస్నా టిఫిన్ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కారు ఆగింది. ఆమె కర్ర మీద కుంటుతూ కిటికీ దాకా వచ్చేసరికే లోపల ఉక్క కమ్మేసింది. నబీ రసూల్ గుడ్లు తేలేశాడు.

"పోనీరా, పోనీ!" అని అరిచింది అజీజున్నీసా.

కారు కదిలింది. హుస్నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. షాకీర్ ముందుకు పోయి తిప్పుకుని మళ్ళీ ఆమె పక్కగా పోనిచ్చాడు. అద్దం అవతల ఒక మొహం వచ్చింది, పోయింది. "అక్కా" అన్నాడు నబీ రసూల్, మాట బయటికి రాలేదు.

"ఇట్ల ఎంతసేపు తిరుగుదామత్తా? మామ సూపు నేను సూడలేకపోతాన్నా."

ఆ కారులో ఇంకొక మనిషికి చోటు లేదు, తను కూర్చున్న చోటు తప్ప. ఆసుపత్రిలో ఉన్నన్ని దినాలూ కుళాయి దగ్గరికి పోవాలన్నా ఆయనకు చెప్పే పోయింది. ఆళ్ళగడ్డ ఎంత దూరమని? బస్సులున్నాయి. కానీ ఆయన ఊపిరి ఎంత దూరం ఉందో ఎవరికి తెలుసు?

"ఆపు. నేను దిగుతా. హుస్నా ఆపా ఎక్కుతాది."

"నువ్వు?"

"బస్సుకొస్తా. బిరీన ఆపురా!"

తలను మెల్లగా దిండు మీదికి జరిపి దిగింది.

"నన్నెక్కమంటావేందే?" అంది హుస్నా. "వానికి నువ్వు గావాల."

"మాట్లాడేదానికి టైం ల్యా, ఎక్కు ఆపా."

హుస్నా గిన్నె ఆమె చేతిలో పెట్టి ఎక్కింది. తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుంది. నబీ రసూల్ అక్క మొహం తడిమాడు. అంతలోనే కళ్ళు అటూ ఇటూ వెతికాయి. అద్దం మీద చెయ్యి ఆనించి, వస్తాన్నా, వెనకాలే వస్తాన్నా, అంది అజీజున్నీసా. విన్నాడో లేదో. కారు చెయ్యి కిందనుంచి జారిపోయింది.

బస్సు వచ్చింది. చెయ్యెత్తింది. ఎక్స్‌ప్రెస్, ఆగలేదు.

"ఇంకోటి వస్తాది లేమ్మా, కూసో," అన్నాడు టీ బంకు మనిషి.

ఆమె కూర్చోలేదు. గిన్నె ఇంకా వేడిగానే ఉంది.