రాత్రంతా పడుకుంటాడట!

మా బాబు రాత్రంతా హాయిగా పడుకుంటాడన్న సంగతి నాకు మా మేనేజరు ద్వారా తెలిసింది.

అప్పటికి వాడికి తొమ్మిదో నెల. పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి భుజాన వేసుకుని ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగినదాన్ని నేను. పళ్ళు వస్తుంటే చిగుళ్ళు ఒత్తినదాన్ని నేను. వాడు ఎప్పుడు లేస్తాడో, ఎందుకు లేస్తాడో, ఏ భుజం మీద తొందరగా కళ్ళు మూస్తాడో నాకు తెలుసు. వాడు అసలు లేవడన్న విషయం మాత్రం పాపం నాకెవరూ చెప్పలేదు.

నేనూ మా ఆయనా ఒకే ప్రెస్సులో పనిచేస్తాం. ఆయన మేడమీద ప్రూఫులు చూస్తాడు. నేను కింద కటింగ్ మెషిన్ మీద ఉంటాను. అచ్చయిన షీట్లు కట్టలు కట్టలుగా నా దగ్గరికి వస్తాయి. కట్టని సరిచేసి మెషిన్లోకి తోసి పెడల్ తొక్కితే పైనుంచి ఇనప దిమ్మ దిగి కట్టని కదలకుండా నొక్కిపడుతుంది. అప్పుడు రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే బ్లేడు దిగుతుంది. బ్లేడు దిగేటప్పుడు చేతులు బటన్ల మీదే ఉంటాయి కాబట్టి దానితో భయం లేదు. భయమంతా ఆ దిమ్మతోనే. కాలు ఒక క్షణం ముందు తొక్కిందంటే, కాగితం సర్దుతున్న వేళ్ళు దాని కింద ఉంటాయి.

ఒకరోజు నా కాలు ముందే తొక్కింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను మాత్రం లేను. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా, నా నిద్రకి మెషిన్ మోత కూడా జోలపాటైపోయింది. ఎడమచేతి ఉంగరపు వేలు దిమ్మ అంచు కింద పడింది. అదృష్టం బాగుండి కొసే నలిగింది. గోరు మొత్తం నల్లగా అయిపోయింది.

కట్టు కట్టించుకుని నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన మంచివాడే. అందరినీ అమ్మా అనీ అయ్యా అనీ పిలుస్తాడు, గొంతు పెంచడు. అలాంటివాళ్ళతోనే కష్టం. తిట్టేవాణ్ణయితే తిరిగి తిట్టొచ్చు.

"సార్, బాబుకి ఏడాది నిండేదాకా నన్ను మడత బల్ల దగ్గరికి మార్చండి. కాగితాలు మడుచుకుంటూ కూర్చుంటాను. రాత్రుళ్ళు వాడు నాలుగుసార్లు లేస్తున్నాడు. నాకు నిద్ర చాలడం లేదు. ఈ మెషిన్ దగ్గర నిలబడాలంటే భయంగా ఉంది," అన్నాను.

ఆయన నవ్వాడు. "అదేంటమ్మా, మీ వాడు రాత్రంతా పడుకుంటాడటగా! మీ ఆయన చెప్పాడు. మా అమ్మాయి చంటిదానితో నానా అవస్థ పడుతోందంటే, పాపం దానికి ఫోన్లో అన్నీ వివరంగా చెప్పాడు కూడా. ఎలా పడుకోబెట్టాలి, ఎప్పుడు పడుకోబెట్టాలి, అన్నీ."

"ఎవరు? మా ఆయనా?"

"నీ మొగుడే. అదృష్టవంతురాలివమ్మా. వేలు జాగ్రత్త, పని దగ్గర పరధ్యానం పనికిరాదు."

నా ఒళ్ళు మండిపోయింది. బయటికొస్తే బైండింగ్‌లో పనిచేసే ఆవిడ ఎదురై, "ఏమ్మా, మీ ఇంట్లో మొగుడే పిల్లాణ్ణి పడుకోబెడతాడటగా, మా ఆయనకీ కాస్త నేర్పమను," అంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఆవిడ బాధ నాకు ఆ రోజు అర్థమైంది.

అసలు ఆయన చెప్పిన ఆ వివరాలేమిటో చూడండి. సాయంత్రం కాగానే ఇంట్లో దీపాలు తగ్గించాలి. గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడవాలి. పాలు పట్టి, రోజూ ఒకే పాట పాడి, పూర్తిగా నిద్రలోకి జారకముందే వాడి మంచంలో వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచంలో దిండూ దుప్పటీ బొమ్మా ఏదీ ఉండకూడదు. కాస్త కదలగానే ఎత్తేసుకోకూడదు, మళ్ళీ తనంతట తనే పడుకుంటాడేమో చూడాలి. అన్నీ సరైనవే. ఇవన్నీ పిల్లల ఆసుపత్రి నర్సు నాకు చెప్పినవి. నేను చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి ఆయన నేర్చుకున్నాడు, చూసి నేర్చుకున్నది ఊరందరికీ నేర్పాడు. సొమ్మొకరిది, సోకొకరిది.

ఆ నర్సే ఇంకో మాట కూడా చెప్పింది. "ఎంత బాగా పడుకోబెట్టినా ఏడాది లోపు పిల్లలు రాత్రుళ్ళు లేస్తూనే ఉంటారు. పిల్లాడిదీ తప్పు కాదు, మీదీ కాదు," అంది. ఆ మాట మా ఆయన చెవిన పడలేదు. గుమ్మంలోంచి అది కనబడదు కదా.

ఇంటికెళ్ళాక అడిగాను. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. పేజీలో ఒక్క చుక్క ఎక్కువైనా పట్టుకుంటాడు, ఒక్క సున్నా తక్కువైనా పట్టుకుంటాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"బాబు రాత్రంతా పడుకుంటాడని ప్రెస్సంతా దండోరా వేశారట?"

"పడుకుంటాడు కదా?"

"ఏ రాత్రి పడుకున్నాడు?"

"నిన్న పడుకున్నాడు. మొన్నా పడుకున్నాడు. లేస్తే నాకు మెలకువ రాదూ?" అన్నాడు, ఎంతో అమాయకంగా.

ఆ మెలకువ సంగతి నాకు తెలుసు. పక్కన పిడుగు పడ్డా అటు తిరిగి పడుకునే మనిషి. పిట్ట కొంచెం కూత ఘనం, మా వాడు గుక్కపెట్టాడంటే పగలు వాణ్ణి చూసుకునే మా అక్క, పై వాటాలో లేచి లైటు వేస్తుంది. ఒక్క గోడ కూడా అడ్డం లేని ఈయనకి మాత్రం వినబడదు. నల్లబడ్డ వేలు ఆయన కళ్ళముందు పెట్టాను. "అయ్యయ్యో, చూసుకోవద్దూ?" అన్నాడు. ఎవరిని చూసుకోవాలి, ఎప్పుడు చూసుకోవాలి, ఏ కళ్ళతో చూసుకోవాలి?

ఇక వాదించి లాభం లేదనిపించింది. "ఈ రాత్రి వాడు మీ పూచీ. పాలసీసాలు అక్కడున్నాయి. నేను అక్క దగ్గర లోపలి గదిలో పడుకుంటాను. నన్ను పిలవొద్దు," అన్నాను.

"దానికేముంది, వెళ్ళు. వాడు లేస్తేగా!" అన్నాడు.

ఆ రాత్రి ఏం జరిగిందో నేను చెప్పలేను. నేను నిద్రపోయాను.

పొద్దున్న లేచి చూస్తే లోకం కొత్తగా ఉంది. కాఫీకి రుచి ఉంది. ప్రెస్సు దాకా నడుస్తుంటే దుకాణాల బోర్డులు పేరు పేరునా చదువుకుంటూ వెళ్ళాను. నాకు చదవడం వచ్చన్న సంగతే మరిచిపోయాను ఇన్నాళ్ళూ.

మా ఆయన నా వెనకాల వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చొక్కా గుండీలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకున్నాడు. భుజం మీద పాల మరక. ప్రెస్సు గేటు దగ్గర మొదలైంది చూడండి తమాషా. వాచ్‌మన్ స్టూలు వేశాడు. బైండింగ్ ఆవిడ పరుగున వెళ్ళి టీ తెచ్చింది. "రాత్రంతా పిల్లాడు పడుకోనివ్వలేదట పాపం," అని ఒకరు, "ఎంత ఓపికో," అని ఒకరు. ఇన్ని నెలలుగా అదే గేటులోంచి అవే కళ్ళతో నేనూ వచ్చాను. నాకు స్టూలు సంగతి దేవుడెరుగు, పక్కకి తప్పుకుని దారి ఇచ్చినవాళ్ళు కూడా లేరు.

"నిజంగానే లేచాడా?" అని ఎవరో అడిగితే మా ఆయన ఆవలిస్తూ ఏమన్నాడో తెలుసా? "వాళ్ళమ్మ పక్కన లేదని లేచాడు. మామూలుగా లేవడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నానికి ఒక బీమా కంపెనీ కరపత్రాల షీట్లు వచ్చాయి. ఒక్కో షీటులో చాలా కరపత్రాలు, నేను వాటిని విడివిడిగా కోయాలి. ఆ పొద్దున ప్రూఫు చూసి, సరేనని మా ఆయన సంతకం పెడితే అచ్చయినవి. మామూలుగా నేను కొలత గీతలు తప్ప అక్షరాలు చూడను. ఆ రోజు నిద్ర తీరిన కళ్ళు కదా, చూశాయి. నడిమధ్య, రేగిపండంత అక్షరాలతో, "మీ అమ్మకమే మా బలం" అని ఉంది.

నమ్మకంలో ‘న’ పోయి ‘అ’ వచ్చి కూర్చుంది. కట్ట కట్టంతా అదే.

మెషిన్ ఆపేశాను. దాని తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుని, ఒక షీటు పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన చదివి తల పట్టుకున్నాడు. మా ఆయన్ని పిలిపించాడు. ఆయన షీటు చూసి పాలిపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన చేతిలోంచి ఇలాంటి తప్పు జారింది లేదు. ఇప్పుడు పడతాయి చీవాట్లు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కొంచెం ఎదురుచూశాను కూడా.

మేనేజరు లేచి వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యేశాడు. "పోనీలేవయ్యా. నిద్ర లేకపోతే ఎవరికైనా ఇంతే. ఒక్క రాత్రికే మనిషి సగమైపోయావు. మళ్ళీ అచ్చు వేద్దాంలే. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

"సార్!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నిద్ర లేక ఆయన తప్పు చేస్తే అది ‘అయ్యో పాపం’ అయింది. నిద్ర లేక నా వేలు నలిగితే అది పరధ్యానమైంది. ఇదెక్కడి న్యాయం?"

"అదికాదమ్మా, నీ కోపం అర్థమైంది గాని, బాబు మామూలుగా లేవడని ఆయనే..."

"మామూలుగా లేవడని ఈయనకెలా తెలుసో అడగండి. ఈయనగారు మేల్కొని చూశారా? పుట్టిన నాటి నుంచీ వాడు లేచినప్పుడల్లా ఈయన నిద్రపోతున్నాడు. నిద్రలో ఉన్నవాడి సాక్ష్యం మీకు చెల్లింది, మేలుకుని ఉన్నదాని మాట చెల్లలేదు. కాగితం చెడిపోతే మళ్ళీ అచ్చు వేస్తారు సార్. నా వేలు పోతే మళ్ళీ ఎక్కడ వేయిస్తారు?"

మా ఆయన షీటు వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తాడు.

"వాడు రోజూ లేస్తాడండీ," అన్నాడు మేనేజరుతో, మెల్లగా. "రాత్రి ఒకసారి లేచి, నేను ఎత్తుకోగానే వాడు ముందుగది తలుపు వైపు చెయ్యి చాపాడు. నేను ముందుగదిలోకి తీసుకెళ్ళాను. ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడ దాకా నడిస్తే ఊరుకున్నాడు. నిలబడితే ఏడ్చాడు. రోజూ అలవాటు లేకపోతే వాడికి ఆ దారి ఎలా తెలుస్తుంది? పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. గేటు దగ్గర అన్న మాట తప్పండీ. లేవనిది వాడు కాదు, నేను."

నా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనిపించలేదు. నేను చెబితే చెల్లనిది ఈయన ఒక్కసారి చెప్పేసరికి గదిలో గాలే మారిపోయింది. మేనేజరు పెద్ద భారం దిగినట్టు ఊపిరి వదిలాడు.

"మరి ఈ మాట ముందే చెప్పకూడదటయ్యా!" అన్నాడు మా ఆయనతో. "నువ్వు చెప్తే కాదంటానా? సరేలే, బాబుకి ఏడాది నిండేదాకా మీ ఆవిణ్ణి మడత బల్ల దగ్గరికి మారుస్తాను. ఇవ్వాళ్టి నుంచే. సరేనా?"

"సరేనండీ," అన్నాడు మా ఆయన.

నేను వాళ్ళిద్దరి మధ్యే నిలబడి ఉన్నాను. మెషిన్ తాళం కోసం మేనేజరు చెయ్యి చాపాడు, అది కూడా నా వైపు చూడకుండానే.

నేను ఇవ్వలేదు. గుప్పిట ఇంకా గట్టిగా బిగించాను.

"అడిగింది నేను సార్. చెప్పాల్సింది నాకు," అన్నాను.

ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. మా ఆయన ఒక అడుగు వెనక్కి జరిగాడు. మేనేజరు గొంతు సవరించుకుని నా వైపు తిరిగాడు.

"నిన్ను మడత బల్ల దగ్గరికి మారుస్తున్నానమ్మా," అన్నాడు.

"ఎందుకని?"

ఆయన టేబులు మీది షీటు వైపు, తలుపు వైపు, నా కట్టు వైపు చూశాడు.

"నీకు నిద్ర చాలడం లేదు కాబట్టి," అన్నాడు.

అప్పుడు తాళం ఇచ్చాను.