క్షమించానన్న మాట

షూటింగ్‌కని ఫిజీ దాకా వచ్చినా వెండెల్ చొక్కాలకి గంజి నేనే పెట్టాలి. ఈ ఉక్కలో గంజి చొక్కా ఎవరికి కావాలి? మా ఆయనకి కావాలి. హాలీవుడ్ రచయిత కదా! "ఊరికే తిని కూర్చోడానికా నిన్ను ఓడెక్కించి తీసుకొచ్చింది?" అన్నాడు వచ్చిన కొత్తలోనే, అందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. బట్టలు, కాఫీలు, ఆయన రాసిందంతా టైపు కొట్టడం, అన్నీ నావే. తెరమీద పడే పేర్లలో మాత్రం నేనుండను.

ముత్యాల కోసం సముద్రాలు తిరిగే నావికుడు, అతన్ని నమ్మి వెంట వచ్చిన ఆడమనిషి, తుఫాను, ముద్దు. ఈ సినిమాది అలాంటి కథ. చివరి సీను టైపు కొడుతుంటే నా వేళ్ళు ఆగిపోయాయి. "పాపని పెట్టిన చోట గడ్డి మొలిచిందట. నేనింకా వెళ్ళి చూడలేదు." ఆ మాట నాది. మా పాప అడెల్ పోయాక, అత్తగారు సమాధి చూసొచ్చి చెప్పిన రోజు, పాసడీనాలో మా వంటింట్లో నేలమీద కూలబడి ఆయనతో అన్నాను. అప్పుడు నా వైపు తలెత్తి చూడలేదు. పాప ప్రాణం పోతోందని ఫోన్ చేస్తే నిర్మాతగారింట్లో పార్టీ వదిలి రాని మనిషి, నా ఏడుపు మాత్రం భద్రంగా దాచుకున్నాడు. దాని కింద తన మాటొకటి తగిలించాడు: "అయినా నిన్నెప్పుడో క్షమించేశాను."

"అది తీసెయ్ వెండెల్. అది మన పాప," అన్నాను.

"అబ్బా, మొదలెట్టావా! ఇంట్లో మాట ఎవరిదైతే ఏంటి? సీను పండుతుంది," అన్నాడు.

మర్నాడు ఒడ్డున ఆ సీనే. హీరోయిన్ ఐరీన్ ఎన్నిసార్లు చెప్పినా దర్శకుడు గార్నర్‌కి నచ్చలేదు. "అంత జరిగాక ఏ ఆడది ఇలా మాట్లాడుతుంది? నా వల్ల కాదు బాబూ," అందామె విసుగ్గా.

కాఫీ పోస్తున్న నన్ను వెండెల్ కేకేశాడు. "వర్నా, ఇలా రా! ఆ రోజు వంటింట్లో అన్నట్టు ఒకసారి అని చూపించు. ఈవిడ పట్టేసుకుంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కెటిల్ ఇసుకలో దింపి ఐరీన్ ఎదుట నిలబడ్డాను.

"పాపని పెట్టిన చోట గడ్డి మొలిచిందట. నేనింకా వెళ్ళి చూడలేదు."

అక్కడ ఆగాను. మరిచిపోయాననుకుని వెండెల్ పెదవులు కదుపుతూ తర్వాతి మాట అందిస్తున్నాడు. ఆయన వైపు తిరిగాను.

"నిన్ను క్షమించలేదు. క్షమించను."

ఐరీన్ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "కెమెరా తిప్పండి," అంది. పొల్లు పోకుండా అదే చెప్పింది.

గార్నర్ టోపీ గాల్లోకి విసిరాడు. "అదరగొట్టావయ్యా వెండెల్! ఇన్నాళ్ళూ ఈ మాట ఎక్కడ దాచావు?"

వెండెల్ గంజి కాలరు సవరించుకున్నాడు. "ఏదో... ఆఖర్లో తట్టింది," అన్నాడు.

సరుకులు దింపిన పడవ సూవా రేవుకి తిరిగి బయల్దేరుతోంది. సూవా నుంచి అమెరికాకి ఓడలుంటాయి. కెటిల్ అక్కడే వదిలేసి వెళ్ళి పడవలో కూర్చున్నాను.

"వర్నా! చొక్కాలు ఇస్త్రీ కాలేదు! ఎక్కడికి?" ఒడ్డు మీంచి అరిచాడు.

"గడ్డి చూడ్డానికి," అన్నాను.