వీపు మీద బరువు

మునినారాయణప్ప రోజూ పొద్దున్నే మహదేవపురలో బస్సెక్కి, నగర్తపేటలో ఇత్తడి బిందెల సొట్టలు తీసే పనికి పోయేవాడు. కండక్టరు అడక్కుండానే అతనొక్కడికే ఒకటిన్నర టికెట్టు చించి ఇచ్చేవాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, కూతురు నడక నేర్చిన రోజుల్లో, అతని వీపు మీద కంటికి కనిపించని బరువొకటి ఎక్కి కూర్చుంది. అప్పట్నుంచే ఆ అర టికెట్టు. అతను నిలబడిన పక్కకు బస్సు ఇంకాస్త ఒరిగేది.

నడుం వంగిపోయి సుత్తి ఎత్తలేకపోయేసరికి యజమాని పెద్దమునియప్ప అతన్ని ఆసుపత్రికి పంపాడు. ఎముకల డాక్టరు తూకం చూసి, అది ఎక్కువే అయినా ఎముకలకేం లోటు లేదని చెప్పి, మనసు సంగతులు చూసే హన్నా దగ్గరికి పొమ్మన్నాడు. హన్నాది ఒంగోలు. బరువు దించేస్తానని ఆవిడ అనలేదు. అదేమిటో ఇద్దరం కలిసి కనుక్కుందామంది.

వారం వారం కూర్చుని దానికి కథలు కట్టి చూశారు. పోయిన తండ్రి కోపమేమోనని హన్నా అంది. తన తండ్రి ఒట్టి ఎముకల గూడు, ఇంత మెత్తగా ఉండడన్నాడు. అమ్మేసిన చేను మట్టేమోనని అతనే అన్నాడు. మట్టి మీరు చెప్పే బరువంత వెచ్చగా ఉంటుందా అని ఆవిడ అడిగింది. ఉండదని ఒప్పుకున్నాడు. ఒకనాడు మాటల్లో టికెట్టు సంగతి వచ్చింది.

"అర టికెట్టంటే పిల్లలకే కదండీ?" అంది హన్నా.

అతను చెల్లెలి గురించి చెప్పాడు. చిన్నప్పుడు, జ్వరమొచ్చిన చెల్లెల్ని వీపున కట్టుకుని మాలూరు ఆసుపత్రికి నడిచాడు. చేరేసరికి ప్రాణం లేదు. తను మోసింది శవాన్నేనని అప్పట్నుంచీ అనుకుంటూ వచ్చాడు.

"దారిలో ఏమన్నా మాట్లాడిందా?"

"చెరుకు తోట దాటినాక, అన్నా, మెల్లగా నడువు, నిద్రొస్తా ఉండాది అనింది." ఆ మాట తన చెవినే కొత్తగా పడ్డట్టు ఆగాడు. "అంటే నా వీపున నిద్రపోయింది డాక్టరమ్మా. భయపడలే."

ఈ సంగతి ఇంకెవరికి తెలుసని ఆవిడ అడిగింది. ఎవరికీ తెలీదు.

ఆ ఆదివారం ఊరికి పోయి తల్లి సొన్నమ్మకు చెప్పాడు. బిడ్డ తనకోసం ఏడ్చి ఏడ్చి పోయిందనే ఆమె ఇన్నేళ్ళూ అనుకుంటూ ఉండింది. అంతా విని, రాగిపిండి చేతులు కొంగుకు తుడుచుకుని, కొడుకు వెనక్కి వచ్చి నిలబడింది.

"ఇట్లియ్యప్పా, అలిసిపోయినావు. కొంచేపు నేనెత్తుకుంటా."

ఆమె నడుం ఒక పక్కకు ఒరిగింది. మునినారాయణప్ప మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. సొన్నమ్మ చంకలో బరువుతోనే పొయ్యి దగ్గరికి పోయి సంగటి కెలకసాగింది.